సిద్దమ్మత్త వడ్డన

మా సిద్దమ్మత్త ఇంటికి వచ్చి తినకుండా తప్పించుకుని పోయిన మనిషిని నేనింతవరకు చూడలేదు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు, ఓట్లడగడానికి వచ్చినవాడు, దారి తప్పి దొడ్డి దగ్గర గుక్కెడు నీళ్ళడిగినవాడు, ఎవరైనా సరే, అరుగు మీద కూర్చోవాల్సిందే, ముద్ద మింగాల్సిందే. "ఇప్పుడే తిన్యానమ్మా" అంటే "తిన్యావు సరే, మా ఇంట్లో తినలేదు కదా" అనేది. ఆ మాటతో వాళ్ళు చెప్పులు విడిచి కూర్చునేవాళ్ళు. దారిన పోయేవాళ్ళకే ఆ గతి పడితే, ఆమె చేతుల్లో పెరిగిన దాని సంగతి వేరే చెప్పాలా? నేను లావు. దాచడానికేముంది, వీధి చివర్నుంచే కనిపిస్తుంది.

నేను పుట్టిన ఏడు వానల్లేవు. మా వైపు అది వార్త కాదు, వానొస్తేనే వార్త. మా నాయన విత్తిన చెనక్కాయలు మొలవనే లేదు. అమ్మకు పాలు పడలేదు. ఇద్దరూ బెంగుళూరులో ఇళ్ళ కట్టుబడి పనికి పోతూ పోతూ నన్ను మడకశిర అవతల పల్లెలో ఉన్న మా నాయన అక్క ఇంట్లో దించి పోయారు. అత్తకు పిల్లల్లేరు. వీరప్ప మామ గొర్రెలు కాసేవాడు. నేను ఎలా ఉండేదాన్నో అత్త ఎన్నిసార్లు చెప్పిందో. "ఎండిన బాయిలో కప్పపిల్ల మాదిరి ఉన్యావే! కాళ్ళు పుల్లలు, కడుపు ఉబ్బు. ఏడ్చేకి గూడా సత్తువ లేదు నీకు. మీ నాయన ముఖాన ఉమ్మేసి, ఇట్లియ్యిరా అని గుంజుకున్యా."

మేకపాలలో రాగిసరి కాచి, చల్లార్చి, వేలితో నోట్లో రాసిందట మొదట. తర్వాత చెంచాతో, తర్వాత చేత్తో. తర్వాత ఆ చెయ్యి ఆగనే లేదు.

ఆ తిండి తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది, ఏం చేయమంటారు? పొయ్యి మీంచి దించిన సంగటిని అత్త తడి చేత్తో ముద్ద చేసి, మధ్యలో వేలితో గుంత తీసి, అందులో నెయ్యి పోసేది. పక్కన రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి. చలికాలం వస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని అనపగింజలు పితికి, పొట్టు తీసి, ఆ పప్పుతో పులుసు చేసేది. కళ్ళం రోజుల్లో పచ్చి చెనక్కాయలను కంపమంటలో కాల్చి, మామ తన గొర్రెబొచ్చు కంబడి కొంగులో పోసుకొచ్చేవాడు. వేళ్ళు నల్లగా అయ్యేదాకా ఒలుచుకుని తినేవాళ్ళం. మామ గొర్రెల కథలు చెప్పేవాడు, అత్త నా నోట్లో గింజలు వేస్తూ ఉండేది. కథ అయిపోయేది, గింజలు మాత్రం అయిపోయేవి కావు. అంత సుఖం మళ్ళీ నేనెక్కడా పడలేదు.

ఒక ఏడు చెనక్కాయలు కొనడానికి మడకశిర సాహుకారి కాటా తెచ్చి మా కళ్ళంలో వేలాడదీశాడు. పంట సగానికి సగం పోయిన ఏడది. మూటలు తూచడం గంటలో అయిపోయింది. మామకు ఏం తోచిందో, నన్ను గోనెసంచిలో కూర్చోబెట్టి కొక్కేనికి తగిలించాడు. నాకు నాలుగేళ్ళు. "ఇరవై కిలోలు!" అని సాహుకారి అరిచాడు. అత్త పంట సంగతి మర్చిపోయింది. నన్ను చంకనెత్తుకుని ఆ సాయంత్రం ఊరంతా తిరిగింది. "చూడండమ్మా, పోయ్యేకి ఉండిన పిల్ల. ఇరవై కిలోలు ఉండాది!" ఇంటికొచ్చాక ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి కూడా తీసింది. నరుడి కళ్ళకు నల్లరాళ్ళే పగులుతాయట, ఇరవై కిలోల పిల్ల ఒక లెక్కా?

బడిలో పిల్లలు నన్ను 'బండ జయంతి' అనేవాళ్ళు. ఏడ్చుకుంటూ వచ్చి చెబితే అత్త గొర్రెలు తోలే కట్టె పట్టుకుని బడికి వచ్చింది. అయ్యవారి ముందే నిలబడి "మా పిల్ల ఆకలి చూడలేదు. అందుకు లావుగా ఉండాది. ఎవురికన్నా కడుపు మంటగా ఉంటే మా ఇంటికి రండి, మజ్జిగ పోస్తా" అంది. ఆ తర్వాత ఎవరూ అనలేదు. నాకూ సిగ్గు పోయింది. లావంటే గొప్ప అనుకునే పెరిగాను.

ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. హిందూపురంలో ఉంటున్నాం. నేను పట్టుగూళ్ళ మార్కెట్లో పని చేస్తాను, రోజంతా రైతుల బుట్టల తూకాలు రాయడమే పని. మా ఆయన వీరేష్‌కు టైర్ల షాపు ఉంది. పెళ్ళయిన ఏడేళ్ళకు నెల తప్పాను. మామ బతికుంటే ఎగిరి గంతేసేవాడు, పోయి మూడేళ్ళయింది. అత్తకు ఫోన్లో చెప్తే రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత "ఏం తిన్యావు?" అంది.

డాక్టరమ్మ పేరు ప్రసూన. చిన్న వయసు, పెద్ద ఓపిక. మొదటిరోజే నన్ను మిషను మీద నిలబెట్టి, ఎత్తు కొలిచి, ఏవో కూడికలు చేసి చెప్పింది. "జయంతీ, నీ ఎత్తుకి ఎనభై ఎనిమిది కిలోలు ఎక్కువ. భయపడొద్దు. ఇలాంటివాళ్ళు చాలామంది మంచి బిడ్డల్ని కంటున్నారు. కాకపోతే బీపీ, షుగరు, కాన్పు కష్టం కావడం, ఇవి మిగతావాళ్ళకంటే నీకు ఎక్కువగా వచ్చే వీలుంది. మొత్తం తొమ్మిది నెలలకీ అయిదు నుంచి తొమ్మిది కిలోలు పెరిగితే చాలు. ఇద్దరి తిండి తినొద్దు. అలాగని ఇప్పుడు తగ్గాలనీ చూడొద్దు. పస్తులు అసలే వద్దు."

నేను బుద్ధిగా తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఆరో నెల వచ్చేసరికి ఏడు కిలోలు పెరిగి కూర్చున్నాను. షుగరు పరీక్షలో కొంచెం ఎక్కువ వచ్చింది. "ఇప్పటికి మందులొద్దు. తిండీ నడకా సరిచేసుకుంటే అదుపులో ఉంటుంది. చేసుకోకపోతే బిడ్డ మరీ పెద్దదై ఇద్దరికీ కష్టమవుతుంది" అని ఈసారి కొంచెం గట్టిగానే చెప్పింది. అన్నం తగ్గించి కూరలు, పప్పు, గుడ్డు పెంచమంది. తీపి మానమంది. పూటపూటకీ కొంచెం తినమంది. రోజూ అరగంట నడవమంది. ఇంత చిన్న సంగతికి ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

నా భయం షుగరు గురించి కాదు. సిద్దమ్మత్తకు ఎలా చెప్పాలన్నదే నా భయం.

ఎందుకంటే ఆమె అప్పటికే మొదలుపెట్టేసింది. వారానికొకసారి మడకశిర బస్సు కండక్టరు చేతికి క్యారియర్ ఇచ్చి పంపేది. నువ్వుండలు, బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు, సీసా నిండా నెయ్యి. బస్టాండులో తీసుకుని నేరుగా మార్కెట్టుకు పోయి హమాలీలకు పంచేదాన్ని. వాళ్ళు నాకంటే ముందు నీళ్ళాడేట్టు తయారయ్యారు. సాయంత్రం ఫోను. "తిన్యావా?" "తిన్యానత్తా." "అన్నీనా?" "అన్నీ." "ఇంగేం పంపల్ల?"

"నిజం చెప్పేయ్, పోతుంది" అనేవాడు వీరేష్.

"నువ్వు చెప్పు."

"నాకేమన్నా పిచ్చా? మీ అత్త కట్టె తీసుకుని వస్తే నేను యాడికి పోవల్ల?"

నవ్వులాటకు అన్నాడు గానీ, నిజానికి కట్టెతో కొట్టినా బాగుండేది. ఏమని చెప్పను? అత్తా, నువ్వు ప్రాణం పోసి పెంచిన ఈ ఒళ్ళే ఇప్పుడు నా బిడ్డకు ఇబ్బంది అని చెప్పనా? ఆమెకు పొలం మిగల్లేదు, కొడుకు లేడు, మొగుడు పోయాడు. జీవితంలో ఆమె సాధించింది ఏమిటంటే నేనే. ఇరవై కిలోల జయంతి. అది తప్పని నా నోటితో అంటే ఆమెకు ఇంకేం మిగులుతుంది? నాకు మాత్రం ఇంకెవరు మిగులుతారు?

ఏడో నెల వచ్చింది. మా వైపు కడుపుతో ఉన్న ఆడపిల్లను ఏడో నెలలో పిలిచి, కోరినవన్నీ వండి పెడతారు. కన్నడం మాట్లాడే ఊళ్ళల్లో దాన్ని బయకె అంటారు, మా అత్తా అదే అంటుంది. గాజులు తొడుగుతారు, హారతి పడతారు, విస్తరాకు నిండా వడ్డిస్తారు. ఆకులో ఏదన్నా మిగిలిస్తే ఆ కోరిక తీరక పుట్టిన బిడ్డకు చెవుల్లోంచి చీము కారుతుందట. ఈ మాట నేను నమ్మను. కానీ అత్త నమ్ముతుంది, వచ్చిన ఆడవాళ్ళంతా నమ్ముతారు, అందరూ నా ఆకు వైపే చూస్తూ కూర్చుంటారు.

పోనంటే కుదరదు. పోయి తినకుండా ఉండడం అంతకంటే కుదరదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పుడు నాకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. చిన్నప్పుడు ఊళ్ళో జాతర వస్తే ముందురోజు అందరూ పొయ్యి రాజెయ్యకుండా గడిపేవాళ్ళు. "రేపు పొట్టేలు కూర ఉండాది, ఈరోజు గంజి ఎవురికి కావల్ల?" అని మామ నవ్వేవాడు. కరువు సీమలో పుట్టినవాళ్ళకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. రేపటి విందుకు ఇవాళ్టి పస్తు చెల్లు. నేనూ అదే చేశాను. ముందురోజు మధ్యాహ్నం నుంచి మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. పొద్దున కాఫీ కూడా మానేశాను. అలా మిగుల్చుకున్న తిండిని అత్త వేసే ఆకులో సర్దేస్తే షుగరుకూ కోపం రాదు, అత్తకూ కోపం రాదు అనుకున్నాను. ఇంతకన్నా తెలివితక్కువ పని నా జన్మలో చేయలేదు.

వీరేష్‌తో కలిసి బస్సు దిగి అత్త ఇంటికి చేరేసరికే ఎండ మాడుతోంది. అత్త కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. డెబ్బై దగ్గరపడిన మనిషి పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. ఇంటి నిండా ఆడవాళ్ళు. ఎదురింటి మారెక్క గాజులు పట్టుకుని సిద్ధంగా ఉంది, వెనక వీధి చౌడమ్మ పాట ఎత్తుకుంది. వంటింట్లోంచి నెయ్యి వాసన, కాగిన బెల్లం వాసన. ఆ వాసనకు నాకు ఏడేళ్ళ పిల్లనైపోయినట్టు అనిపించింది. ఈ గడపలో, ఈ గోడ పక్కన, ఈ చెయ్యి పట్టుకునే కదా ఇంతదాన్నయ్యాను.

పీట మీద కూర్చోబెట్టారు. ఆకు వేశారు. ఓళిగలు, చిత్రాన్నం, పితికిపప్పు పులుసు, పాయసం, వడలు, ఒక మూల సంగటి ముద్ద, దాని గుంతలో నెయ్యి. "హారతి పట్టల్ల, నిలబడు తల్లీ" అంది చౌడమ్మ. లేచాను. పళ్ళెంలో కర్పూరం రెండుగా కనిపించింది, తర్వాత నాలుగుగా. తర్వాత ఏమైందో నాకు తెలీదు.

కళ్ళు తెరిచేసరికి అత్త ఒళ్ళో ఉన్నాను. ముఖం మీద నీళ్ళు. ఎవరో విసురుతున్నారు. వీరేష్ చెంచాతో మజ్జిగ పోస్తున్నాడు.

"పొద్దున ఏం తిన్యావే?" అంది అత్త.

నేను ఇంకో చెంచా మజ్జిగకు నోరు తెరిచాను.

"నిన్న?"

"ఏమీ తినలేదు" అన్నాడు వీరేష్, నా వైపు చూడకుండా. "చెప్తే వినలేదత్తా."

అత్త చెయ్యి పైకి లేచింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఆ చేత్తో నా ముఖం మీది నీళ్ళు తుడిచింది. "ఇంత కూడు వండి పెట్టుకుని కూసున్యా. నా ఇంటికి, నా ఇంటికి పస్తుతో వచ్చినావా? కడుపులో బిడ్డను పెట్టుకుని పస్తుంటావా? యాలే? ఎవురు చెప్పినారే నీకు?"

అప్పుడు నా నోరు జారింది. నీరసమో, భయమో, ఇన్ని నెలల దాపరికమో, మొత్తం ఒక్కసారి బయటపడింది. "డాక్టరమ్మ ఇంగ లావు కాకూడదన్నదత్తా. షుగరు వచ్చింది. నువ్వు పంపిందేమీ నేను తినలేదు, హమాలీలకిచ్చినా. ఈడికొస్తే నువ్వు ఊరుకోవు, నిండా పెడతావు. అందుకే ఖాళీ కడుపుతో వచ్చినా."

చౌడమ్మ పళ్ళెం కింద పెట్టింది. అత్త నా తల కింద నుంచి చెయ్యి తీయలేదు. కానీ ఆమె ముఖం చూడలేక కళ్ళు మూసుకున్నాను. ఏ మాట చెప్పకూడదని ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున పట్టుకున్నానో, అది పదిమంది ముందు చెప్పేశాను.

అత్త ఆకు వంక చూస్తూ అంది. "గుట్ట కాడ కరువు పని పెట్టిన ఏడు, నాకు అయిదో నెల. రాళ్ళు మోసేదాన్ని. పొద్దున ఇంత గంజి తాగి పోయేదాన్ని, అదీ కొన్ని దినాలు ఉండేది కాదు. ఒకదినం ఇట్లనే కళ్ళు తిరిగి పడినా. సాయంత్రానికి కడుపు పోయింది. మళ్ళా నిలబడలేదు." అంతే చెప్పింది. అత్తకు పిల్లల్లేరని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఎందుకు లేరో ఇంత వయసొచ్చినా నేను ఒక్కసారి అడగలేదు.

వెంటనే లేచి "ఆటో పిలవరా" అని వీరేష్ మీద అరిచింది. కొత్త చీర మీదే, వండినవన్నీ అలాగే వదిలేసి, హిందూపురం దాకా నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ప్రసూన డాక్టరమ్మ బిడ్డ గుండె వినిపించింది. బాగానే కొట్టుకుంటోంది. అత్త ఆ చప్పుడు వినగానే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. డాక్టరమ్మ నన్ను వాయించేసింది. "పెరగొద్దని నేనెప్పుడన్నాను? మెల్లగా పెరగమన్నాను. రోజంతా మాడి ఒక్కపూట మెక్కితే షుగరు కిందికీ పైకీ ఎగురుతుంది. బిడ్డకు కావాల్సింది పూటపూటకీ సరైన తిండి. కడుపు మాడ్చుకోవడానికి ఇది వ్రతం కాదమ్మా!" తర్వాత ఏదో రాసుకుంటూ, మామూలుగా అడిగింది. "చిన్నప్పటి నుంచే లావా?"

"అవునమ్మా. నేనే పెంచినా" అంది అత్త.

ఆ మాట ఆమె నోటివెంట నేను వెయ్యిసార్లు విని ఉంటాను. సంతలో, జాతరలో, నా పెళ్ళిలో. ఎప్పుడూ తల ఎత్తే అనేది. ఆ రోజు తల వంచుకుని అంది. డాక్టరమ్మకు అదేమీ తెలీదు పాపం. "బాగానే పెంచినారు. ఇప్పుడు మీరే దగ్గరుండి చూసుకోండి" అని, ఏం వండాలో, ఎంత పెట్టాలో ఆమెకే వివరంగా చెప్పింది. అత్త ప్రతి మాటా వింది, రెండుసార్లు అడిగి మరీ తెలుసుకుంది.

గొర్రెలను మామ అన్న కొడుకు ఓబుళేసుకు అప్పజెప్పి, ఆ వారమే మా ఇంటికి వచ్చేసింది. అప్పటి నుంచి ఇల్లు బడి అయిపోయింది. పొద్దున గుడ్డూ, పెసలూ. మధ్యాహ్నం చిన్న ముద్ద సంగటి, గిన్నె నిండా ఆకుకూర పప్పు, మజ్జిగ. నడుమ గుప్పెడు ఉడికించిన శనగలు. నెయ్యి చుక్కల్లెక్కన వచ్చేది. సాయంత్రమైతే చెప్పులు నా ముందు పెట్టేది. మార్కెట్ రోడ్డు వెంట ఇద్దరం నడిచేవాళ్ళం. ఆమె జీవితమంతా గొర్రెల వెంట తిరిగిన మనిషి, గాలిలా పోయేది. నేను రొప్పుతూ వెనక. "బిన్నా రావే! నా గొర్రెలే నయం, అదిలిస్తే కదులుతాయి" అని తిట్టేది. దారిలో ఎవరైనా "ఏమవ్వా, యాడికి?" అంటే "షుగరును తోలేకి" అనేది. షుగరు అదుపులోకి వచ్చింది. తూకమూ మెల్లగానే పెరిగింది. డాక్టరమ్మ మెచ్చుకుంది.

అంతా బాగుంది. ఒక్కటే బాగాలేదు. అత్త నాకు వడ్డించడం మానేసింది.

వండేది, గిన్నెలు తెచ్చి నా ముందు పెట్టేది, "పెట్టుకో" అని అవతలికి పోయేది. మొదట్లో పనుందేమో అనుకున్నాను. పనేమీ లేదు, వరండాలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేది. "వడ్డించత్తా" అని ఒకసారి అడిగాను. "నీ చేతులు యాడికి పోయినాయి?" అంది. కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. కొలత తప్పదు, రుచి తప్పదు, కానీ ఆ కూడు నోట్లోకి పోతుంటే అనాథలా అనిపించేది. చిన్నప్పుడు కళ్ళంలో నల్లబడ్డ వేళ్ళతో నా నోట్లో గింజలు వేసిన ఆ చెయ్యి, ఇంత దగ్గర్లో ఉండి, ఎంతో దూరం పోయింది. దాన్ని నేనే తోసేశానని కుమిలిపోయేదాన్ని. ఎలా పిలవాలో మాత్రం తెలియలేదు.

నెలలు నిండాయి. కాన్పు కష్టమైనా మామూలుగానే అయింది. ఆడపిల్ల. మూడు కిలోలకు రవ్వంత తక్కువ. "సరిగ్గా ఉంది" అంది డాక్టరమ్మ. బెంగుళూరు నుంచి అమ్మా నాయనా వచ్చి చూసిపోయారు, వాళ్ళకు సెలవు దొరకడమే గగనం. అత్త మాత్రం బిడ్డకు నీళ్ళు పోసేది, సాంబ్రాణి వేసేది, బట్టలు ఉతికేది, అన్నీ చేసేది. కానీ ఊరికే ఎత్తుకుని కూర్చోవడం నేను చూడలేదు. పని కాగానే తెచ్చి నా పక్కలో పడుకోబెట్టేది.

పురుడు రోజు పల్లె నుంచి మారెక్కా, చౌడమ్మా వచ్చారు. మారెక్క బిడ్డను చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ చూసింది. "ఏం సిద్దమ్మా, పాప సన్నంగా ఉండాదే! పోనీలే, నీ చేతిలో పడింది కదా. జయంతి మాదిరి పెంచు, ఏడాదికంతా గుండురాయి అయితాది" అంది నవ్వుతూ.

అత్త నవ్వలేదు. "వద్దు మారెక్కా. జయంతి మాదిరి వద్దు. దాని బిడ్డను అది పెంచుకుంటాది. నా చెయ్యి మంచిది కాదు."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. బాలింతను, లేచి కూర్చోవడమే కష్టం. లేచాను. "ఏమన్యావత్తా? ఇంగొకసారి అను!"

"గమ్మునుండే. ఉండే మాటే కదా."

"ఏం ఉండే మాట? ఎండిన బాయిలో కప్పపిల్లను ఎవురు బతికించినారు? మంచిది కాని చెయ్యా? ఆ చెయ్యి లేకపోతే నేను యాడ ఉండేదాన్ని, ఇది యాడ ఉండేది? ఆ దినాల్లో నువ్వు చేసింది తప్పయితే నేను బతకడమే తప్పు. నేను లావే. ఉంటే ఉంటి. ఆకలి తెలీకుండా పెరిగినా. దీన్నీ అట్లనే పెంచల్ల నువ్వు." ఏడుపు వచ్చేసింది. దాచుకోలేదు. మారెక్క చేతుల్లోంచి బిడ్డను తీసుకుని అత్త ఒళ్ళో పెట్టేశాను. "నాకు ఆకలి అవుతాంది. వడ్డించు. ఇన్ని నెల్లాయె నీ చేత్తో పెట్టిన కూడు తిని."

అత్త బిడ్డ వైపు చూసింది. కళ్ళ నీళ్ళు బిడ్డ మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది. "నేను పెడితే ఆపలేనే జయంతీ. నాకు తెలుసు నా సంగతి."

"నేను చాలంటా. ఆపు."

"చాలంటావా?" అంది. ముక్కు చీదుకుంది. "ఇన్నేండ్లలో ఒక్కనాడన్నా చాలన్యావేమే నువ్వు?"

నిజమే. ఒక్కనాడూ అనలేదు. కడుపు పగిలేంత నిండినా నోరు తెరిచాను. ఆమె ముఖంలో ఆ సంబరం చూడ్డానికి తిన్నాను. "నువ్వు పెడతాంటే అనబుద్ధి అయ్యేది కాదత్తా" అన్నాను.

బిడ్డను చౌడమ్మకిచ్చి లేచింది. వంటింట్లోంచి అన్నం, వెల్లుల్లి కారం, వేడివేడి పప్పు తెచ్చింది. నా ఎదురుగా కూర్చుంది. ఒక గరిటె పెట్టింది. నేను కలుపుకుని తిన్నాను. రెండో గరిటె పెట్టింది. అదీ తిన్నాను. మూడోది నిండుగా తీసి, గాల్లో పట్టుకుని నా ముఖంలోకి చూసింది. నాకింకా తినాలనే ఉంది. జీవితాంతం ఆమె అలా పెడుతూ ఉంటే తింటూ ఉండాలని ఉంది.

"చాలత్తా" అన్నాను.

చెయ్యి ఆగింది. తర్వాత గరిటెను మెల్లగా వెనక్కి తీసుకుని, అన్నాన్ని తిరిగి గిన్నెలో వేసింది.

"కడుపు నిండిందా?" అంది.

"నిండిందత్తా" అన్నాను.